ఇసుక మూటలకైతే లాగుతుంది

జూలై 4, సోమవారం

ఇంజన్ ఈ రోజు కూడా మొండికేసింది. పొద్దున మొదటి ట్రిప్పు, బోటు నిండా జనం. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు, బుట్టలవాళ్ళు, సైకిళ్ళు. రేవు వదిలేటప్పుడు బ్రహ్మాండంగా ఉంది. నడి ఏట్లో ప్రవాహం ఎదురు తగిలే చోట వేగం పెంచుదామని హ్యాండిల్ ముందుకు తోశాను. శబ్దం పెరగాల్సింది పోయి పడిపోయింది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ. హ్యాండిల్ వెనక్కి తీస్తే మళ్ళీ మామూలే. ముందుకు తోస్తే మళ్ళీ అదే వరస. చేసేది లేక పాక్కుంటూ పాక్కుంటూ అవతలి రేవు చేరాం. నడిచొచ్చినా ఈపాటికి చేరేవాళ్ళమని ఎవరో గొణిగారు. ఏటి మీద నడవడం వస్తే నడవండి నాయనా, ఎవరు వద్దన్నారు అన్నాను. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పదిమంది కూడా లేరు. రవ్వంత పేచీ పెట్టలేదు.

ఇంత గొడవలోనూ అమ్మ నిమ్మకు నీరెత్తినట్టు ఇంజన్ పెట్టె పక్కన కూర్చునే ఉంది. "మీ నాన్న ఉంటే ఇలా జరిగేదా" అంది. నాన్న నడిపిన రోజుల్లో ఈ మాయదారి ఇంజన్ ఎన్నిసార్లు ఆగిందో నాకు తెలుసు. 

జూలై 5, మంగళవారం

మళ్ళీ. జనం ఎక్కిన ప్రతిసారీ.

జూలై 7, గురువారం

మెకానిక్ బాబాయ్ వచ్చాడు. ఆయనకు రోగం ఏమిటని అడిగితే నచ్చదు, లక్షణాలు మాత్రమే చెప్పాలి. చెప్పాను. నల్లపొగ వస్తోందంటే ఇంజన్‌కి గాలి చాలడం లేదనో, డీజిల్ ఎక్కువ పడుతోందనో అర్థమట. తెల్లపొగైతే వేరే కథట. పెట్టె మూత తీసి తలకాయ లోపలికి దూర్చేశాడు. గాలి ఫిల్టరు బయటికి తీసి దులిపితే మసి తప్ప ఏమీ రాలలేదు. అయినా కొత్తది బిగించాడు. డీజిల్‌లో నీళ్ళున్నాయేమోనని సీసాలో పట్టి ఎండకు ఎత్తి చూశాడు. నిక్షేపంలా ఉంది.

మూత తీసినప్పుడల్లా అమ్మను రేవు మీద టీకొట్టు పిన్ని దగ్గర కూర్చోబెట్టి రావాలి. లేకపోతే తిరిగే బెల్టు మీద చెయ్యి పెడుతుంది. ఈ మధ్య వేడి గిన్నె, పదును కత్తి, ఏదీ తెలియడం లేదు. పిన్ని పుణ్యాత్మురాలు. అమ్మకి టీ ఇచ్చి, ఇదివరకే వందసార్లు విన్న కథలు మళ్ళీ వింటుంది.

ఫిల్టరు మార్చాక ఇద్దరం ఏటి మధ్యదాకా వెళ్ళొచ్చాం. బాణంలా దూసుకెళ్ళింది. బాబాయ్ చేతులు తుడుచుకుని, "చూశావా, గాలి ఆడక ఉక్కిరిబిక్కిరయింది పాపం" అన్నాడు.

సాయంత్రం ట్రిప్పులో జనం ఎక్కారు, అమ్మ ఎక్కింది, నడి ఏట్లో ఇంజన్ మళ్ళీ పడుకుంది. బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను.

జూలై 9, శనివారం

అన్నయ్య ఫోన్ చేశాడు. నిన్న బోటు ప్రవాహంలో పక్కకి కొట్టుకుపోయి ఇసుక దిబ్బకు తగిలిందని వాడికి అప్పుడే తెలిసిపోయింది. అవతలి ఒడ్డున ఉండేవాడికి ఈ ఏటి మీద ఈగ వాలినా తెలుస్తుంది. అమ్మను తీసుకెళ్తానన్నాడు. ఎన్నిసార్లు కాదన్నానో, వాడు అన్నిసార్లు అడిగాడు. అందుకు కోపం తెచ్చుకోవాలి. కానీ వదిన మంచిది. అదే నా బాధ. ఇంట్లోనే మిషను కుట్టుకుంటుంది, పొద్దస్తమానం ఇంటి పట్టునే ఉంటుంది, అమ్మంటే ప్రేమ. వదిన గయ్యాళి అయితే నాకెంత హాయిగా ఉండేదో.

ఇంటి దగ్గర అమ్మను ఒంటరిగా వదలలేను. ఎండాకాలంలో పొయ్యి వెలిగించి, తలుపు బార్లా తీసి, బజార్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ నాతోనే బోటులో. బోటులో మాత్రం ఏం, ఇంకెక్కడ కూర్చోబెట్టినా నడి ఏట్లో లేచి, మా స్టాపు వచ్చింది దిగాలి అంటుంది. ఇంజన్ పెట్టె పక్కన మాత్రం కదలకుండా కూర్చుంటుంది. అక్కడ వెచ్చగా ఉంటుందట. వానలు మొదలయ్యాక మోకాళ్ళ నొప్పులు పెరిగాయి, ఇంట్లోని పాత బొంత కూడా తెచ్చుకుంటోంది. పెట్టె మీదుగా పరిచి, వీపు దాకా దించి, దానికి ఆనుకుని కూర్చుని, ఎక్కేవాళ్ళందరికీ పేర్లు పెడుతుంది. గొడుగువాడు, ముక్కుపొడుం, పెళ్ళికావాల్సినామె. వాళ్ళకీ అలవాటయిపోయింది.

ఇదంతా అన్నయ్యకి చెప్తే ఏం లాభం. చివరికి వాడే ఒక మాట అన్నాడు. "ఆగిపోయే బోటులో అమ్మని తిప్పుతానంటే ఎలా ఊరుకోమంటావు? ఇంజన్ బాగుచేసుకో. బాగయిందంటే ఇంక జన్మలో అడగను."

సరే అన్నాను. వాడు మాట తప్పడు, అది నాకు తెలుసు. కాబట్టి ఇప్పుడు ఇంజన్ బాగైతే చాలు. అంతా ఇంజన్ మీదే ఉంది.

జూలై 10, ఆదివారం

మన బోటులో తాళ్ళు వేసే రేడియో ఏటిలోకి దూకి, అడుగున రెక్కలకి చుట్టుకున్న వల ముక్క ఒకటి పట్టుకొచ్చాడు. వీడి నోరు మూతపడదని రేడియో అని పేరు పెట్టింది అమ్మే. పిడికెడు వల. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. దొరికిందిరా దొంగ అని రేవంతా తిరిగి చూపించాడు. నేను కూడా నవ్వాను. పిన్ని అందరికీ టీలు ఇచ్చింది.

వల కాదు. మధ్యాహ్నమే తెలిసిపోయింది.

జూలై 11, సోమవారం

రేవు ఆఫీసరు పిలిపించాడు. మంచివాడే, కూర్చోమన్నాడు. ఏరు పొంగుతోంది, జనంతో ఉన్న బోటు ఇంకొక్కసారి నడి ఏట్లో ఆగితే తిరగనివ్వనన్నాడు. నా తప్పేముందండీ అన్నాను. ఇంజన్ మీది కదమ్మా అన్నాడు. 

జూలై 12, మంగళవారం

బాబాయ్ ఇంజన్‌లోంచి డీజిల్ చిమ్మే సూదులు విప్పి నిన్న పట్నం పంపించాడు. ఈ పొద్దున తిరిగొచ్చాయి, బాగానే ఉన్నాయట. పంపు చూశాడు, గేరు చూశాడు, పొగగొట్టంలోకి కర్ర దూర్చి చూశాడు. ఎలుక గూడు కూడా దొరకలేదు. చివరికి ఆయనకి పంతం వచ్చింది. బరువెక్కితేనే కదా ఆగేది, బరువే ఎక్కిద్దాం అన్నాడు.

రేవు పనికి తెచ్చిన ఇసుక మూటలు అడిగి తెచ్చుకున్నాం. రేడియో, బాబాయ్, నేను, ఇంకో నలుగురు కూలీలు కలిసి వరసగా మోశాం. బోటు మామూలు రోజుకంటే ఇంకా కిందకి దిగింది. నాకు నడుము పడిపోయింది. అమ్మ టీకొట్టు దగ్గర నుంచి, ఇంత సామాను ఎవరింటికే అని అరుస్తోంది.

నడి ఏట్లోకి తీసుకెళ్ళి, ప్రవాహానికి ఎదురు తిప్పి, హ్యాండిల్ చివరిదాకా తోశాను. లాగింది. రవ్వంత నల్లపొగ లేదు. ఇంత లాగుతుందని నాకే తెలియదు. బాబాయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఇలా కాదు, ఇంకో రౌండు అన్నాడు. ఇంకో రౌండూ అంతే.

జూలై 13, బుధవారం

ఇసుక మూటలకైతే లాగుతుంది. మనుషులకి లాగదు.

జూలై 15, శుక్రవారం

ఈ రోజు బాబాయ్ రాలేదు. ఫోన్ చేస్తే, "అమ్మాయీ, నా చేతనైంది అయిపోయింది. ఇంజన్‌లో రోగం లేదు. నీ జనంలోనే ఏదో ఉంది" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. జనాన్ని విప్పి చూడనా అన్నాను. ఫోన్ పెట్టేశాడు. పాపం ముసలాయన. పొద్దున ఫోన్ చేసి తప్పయిందని చెప్పాలి.

రేడియో తన బుర్రకి తోచింది చెప్పాడు. ఇసుక మూటలు కదలవు, మనుషులు కదుల్తారు, అందుకేనేమో అక్కా అన్నాడు. సరే అని సాయంత్రం ట్రిప్పులో ఎవర్నీ కదలొద్దని బతిమాలాను. బొమ్మల్లా కూర్చున్నారు. ఎదురుగా ఉన్నాయన తుమ్ము కూడా ఆపుకున్నాడు. నల్లపొగ వచ్చింది.

వెనక్కి తిరిగి అమ్మ వైపు చూశాను. బొంత వీపు వెనక్కి సర్దుకుంటోంది. వెచ్చగా ఉందా అని అడిగాను. గట్టిగా తల ఊపింది. ఈ బోటులో సుఖంగా ఉన్నది తను ఒక్కర్తే.

నాకేమీ తోచడం లేదు. చేతకావడం లేదు అని ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. చేతకావడం లేదు.

జూలై 16, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

మధ్యాహ్నం అవతలి రేవులో ఉన్నాం. ఆకాశం నల్లబడి ఒక్కసారిగా వాన దంచేసింది. రేవు మీద ఉన్నవాళ్ళంతా ఒక్క తోపు తోసుకుంటూ ఎక్కేశారు. మూటలు, సైకిళ్ళు, తడిసిన గొడుగులు. నేను ముందు స్టీరింగు దగ్గర ఉన్నాను. పక్కల టార్పాలిన్లు దించారు. రేడియో తాడు విప్పి పోనీ అన్నాడు. పోనిచ్చాను.

నడి ఏరు వచ్చింది. ఇంత వానలో ఇంత జనంతో ఆగిందంటే నా పని అయిపోయినట్టే. ఆఫీసరు మొహం, అన్నయ్య మొహం కళ్ళ ముందు కనిపించాయి. కళ్ళు మూసుకున్నంత పని చేసి హ్యాండిల్ తోశాను.

లాగింది.

ఇంకా తోశాను. ఇంకా లాగింది. బోటు ముందు భాగం పైకి లేచింది, నీళ్ళు రెండు పక్కలకీ చీలిపోతున్నాయి. వెనక పొగ లేదు. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. రేడియో గంతులు వేసుకుంటూ ముందుకు వచ్చి, అక్కా పోయింది, రోగం పోయింది అన్నాడు. నేను పాట కూడా పాడాను. నిజంగా పాడాను. ఇంజన్ బాగయింది, అమ్మ ఇంక నాతోనే ఉంటుంది, ఈ రాత్రే అన్నయ్యకి ఫోన్ చేసి, విను అని ఇంజన్ శబ్దం వినిపించాలి. ఇవన్నీ అనుకున్నాను. ఏరు సగం పైగా దాటేదాకా ఇవే అనుకున్నాను.

అప్పుడు వెనక్కి తిరిగి, "చూశావా అమ్మా" అన్నాను.

అమ్మ చోటులో ఎవరో తడిసిన చొక్కాతో కూర్చుని ఉన్నాడు. వెనక ఇంజన్ పెట్టె చెక్కకి గాలి కోసం కోసిన చీలికలు కనిపిస్తున్నాయి. ఎన్ని రోజులైందో అవి చూసి. ఆ పెట్టెకి గాలి పోయే దారి అదొక్కటే. శబ్దం ఎక్కువ వస్తోందని జనం గోల పెడితే మిగతా మూడు వైపులా నేనూ రేడియో కలిసి రెక్సిన్ కొట్టించాం. ఇంజన్ ఆ చీలికల్లోంచి గాలి పీల్చుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అక్కడ బొంత లేదు. బొంత కప్పిన అమ్మ లేదు.

రెండూ ఒక్కసారే అర్థమయ్యాయి. ఏది ముందు అర్థమైందో ఇప్పుడు కూడా చెప్పలేను. బాబాయ్ వచ్చినప్పుడల్లా అమ్మ ఒడ్డున ఉంది, బొంత భుజాన ఉంది. ఇసుక మూటలు మోసినప్పుడూ అంతే. జనం ఎక్కితే అమ్మ ఎక్కుతుంది. ఇన్నాళ్ళూ ఇంజన్‌కి ఊపిరి ఆడనివ్వనిది అమ్మే. ఈ పూట ఇంజన్ బాగుందంటే అమ్మ బోటులో లేదు కాబట్టి. అవతలి రేవులో, ఆ తోపులాటలో, మా స్టాపు వచ్చింది అని దిగిపోయింది.

 స్టీరింగు మొత్తం తిప్పేశాను. జనం గోల పెట్టారు, ఎక్కడికి వెనక్కి, పిచ్చా అని. రేడియో చెప్పాడు వాళ్ళకి. అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఎంత అడిగితే అంత లాగింది ఇంజన్. ఈ పూట దాని మీద ఒక్క ఫిర్యాదు లేదు. రేవు మెట్లు పూర్తిగా నీళ్ళల్లో ఉన్నాయి. నేను రేవు వైపు చూడలేదు, మెట్ల కింద నీళ్ళ వైపే చూస్తూ వచ్చాను.

అమ్మ లైన్లో నిలబడి ఉంది. లైనంటే తనొక్కతే. తాడు కట్టే గుంజ పక్కన, బొంత నెత్తి మీద కప్పుకుని, వానలో.

"ఎంతసేపమ్మా. ఈ బోటు ఎప్పుడూ ఆలస్యమే" అంది నాతో.

తడిసిన చొక్కా ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించి తన చోటు తనకి ఇచ్చేశాడు. అమ్మ కూర్చుంది. బొంత పిండి, పెట్టె మీద పరిచి, వెనక్కి ఆనుకుంది. చీలికలు బొంతని లోపలికి లాక్కుని అతుక్కుపోవడం నా కళ్ళతో చూశాను. తీసేద్దామని వంగాను. చలేస్తోందే అంది. చేతులు మంచులా ఉన్నాయి. తియ్యలేదు. నిండా జనంతో, నల్లపొగ వదులుకుంటూ, తెలిసి తెలిసి పాక్కుంటూ వచ్చాను. 

అమ్మ తప్పిపోవడం కాదు నన్ను తినేస్తున్నది. నేను పాట పాడటం.

జూలై 17, ఆదివారం

పెట్టెకి ముందు వైపు రెక్సిన్ చింపి, రంపంతో కొత్త చీలికలు కోశాం. అరపూట పని. బాబాయ్ వచ్చి చూసి, మూలన కూర్చుని, బొంతా, బొంతా అని తనలో తానే నవ్వుకున్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ ఎక్కింది, బొంత పరిచింది, జనం నిండారు. లాగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా కొట్టింది, ఎందుకో తెలియకపోయినా.

బోటు తిరగొచ్చని ఆఫీసరు సంతకం పెట్టేశాడు.

జూలై 19, మంగళవారం

ఇంజన్ గురించి రాయడానికి ఏమీ లేదు. బాగుంది.

నేనే బాగాలేను. తల తిప్పి అమ్మ ఉందా లేదా అని చూడకుండా ఉండలేకపోతున్నాను. చూశాక ముందుకు తిరుగుతాను, తిరిగిన వెంటనే మళ్ళీ అనుమానం. ఈ పూట అలా చూస్తూనే రేవు గోడకి గుద్దాను. ఒకావిడ బుట్ట పడి నుదురు చిట్లింది. పర్లేదమ్మా అంది. పర్లేదు ఎలా అవుతుంది.

అన్నయ్య ఫోన్ చేశాడు, బాగయిందటగా అన్నాడు. ఊఁ అన్నాను. అంతే. అమ్మ మాట ఎత్తలేదు. మాట మీద నిలబడ్డాడు వెధవ. ఒక్కసారి అడుగుతాడేమోనని ఫోన్ చెవికి అంటించుకుని నిలబడ్డాను. పిల్లల చదువులు, వానలు, ఇంకేవో మాట్లాడి పెట్టేశాడు.

జూలై 20, బుధవారం

తాడుతో నడుముకి కట్టేద్దామా అని రేడియోని అడిగాను. వాడు రోజంతా నాతో మాట్లాడలేదు. వాడు మాట్లాడకపోవడం ఇదే మొదటిసారి.

జూలై 21, గురువారం

నేనే ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. ఏం చెప్పాలో రెండ్రోజుల నుంచి అనుకుంటున్నదంతా మరిచిపోయి, "వదినా, నావల్ల కావడం లేదు" అన్నాను. వదిన, ఆదివారం వస్తానంది. ఇంకేమీ అడగలేదు. ఎందుకు, ఏమిటి అని అడిగి ఉంటే నేను మాట మార్చేసేదాన్ని.

జూలై 24, ఆదివారం

వదిన పొద్దున్నే వచ్చింది. అమ్మ బట్టలు నేను సంచిలో సర్దాను. మందులు ఏవి ఎప్పుడో చెప్పాను. స్నానానికి నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, అద్దం ముందు కూర్చోబెడితే భయపడుతుంది, రేడియో లాంటి వాగుడుకాయ ఎవరైనా పక్కన ఉంటే అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటుంది. చెప్తూనే ఉన్నాను. వదిన అంతా విని, "ఇక్కడ నువ్వు నడుపుతూ చూసుకోవాలి. అక్కడ నేను కుట్టుకుంటూ చూసుకుంటాను. అంతే కదా తేడా" అంది. అంతే కదా. 

అన్నయ్య ఇంటికి వెళ్ళే బస్సు అవతలి ఒడ్డున. అంటే దాటించాల్సింది నేనే. వేరే బోటులో పంపుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. సిగ్గేసింది.

ఆదివారమైనా జనం నిండారు. అమ్మ తన చోటులో కూర్చుని బొంత పరుచుకుంది. వదిన పక్కనే కూర్చుంది. అమ్మ వదినకి ఏం పేరు పెట్టిందో కానీ ఇద్దరూ నవ్వుకుంటున్నారు. రేడియో నా వైపు చూడకుండా తాడు విప్పాడు.

నడి ఏట్లో ప్రవాహం ఎదురు తగిలింది. హ్యాండిల్ మీద చెయ్యి వేసి తొయ్యలేదు. ఇన్నాళ్ళు లాగవే లాగవే అని దీని కాళ్ళు పట్టుకున్నాను. ఈ ఒక్కపూట ఆగిపోవే అని మనసులో దండం పెట్టుకున్నాను. ఏరు పొంగి ఉంది, ఆగితే కింద దాకా కొట్టుకుపోతాం, సాయంత్రం దాకా ఎక్కడో దిబ్బ మీద కూర్చుంటాం, బస్సు పోతుంది. పోనీ. ఆగలేదు. నెమ్మదిగా, హాయిగా, రవ్వంత పొగ లేకుండా తిరుగుతూ ఉంది, ఎప్పుడు తోస్తానా అని ఎదురుచూస్తున్నట్టు. బోటు ప్రవాహంలో పక్కకి జరగడం మొదలుపెట్టింది. మళ్ళీ మొదలైందా అని ఎవరో అన్నారు. రేడియో దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. బోటంతటికీ వినపడేలా, నాకు ఈత నేర్పిన రోజుల నాటి గొంతు.

"తొయ్యవే. భయమేం లేదు, లాగుతుంది."

తోశాను. లాగింది. ఎప్పుడూ లేనంత తొందరగా అవతలి రేవు వచ్చేసింది.